కోడిజుట్టు గట్టు

పదకొండు గంటల బస్సుకు రాజకుమారి వస్తుంది, వచ్చి ఆ మాట తన నోటితో అంటుంది, అనకపోతే సుత్తి ఉండనే ఉంది అనుకుంటూ గంగయ్య తన ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు. పలకల గనిలో ఇరవై ఏళ్ళు అతని చేతిలో ఆడిన సుత్తి అది. ఏడేళ్ళుగా కూలిన కప్పు కింద మట్టిలో పడి ఉండి పిడి కొంచెం పుచ్చింది గానీ, ఇనుము బరువు ఎక్కడికి పోతుంది, మోకాళ్ళ మీద పెట్టుకుంటే పాత చుట్టంలాగా ఒదిగి కూర్చుంది. మెట్టు కింద, కాలి బొటనవేలికి తగిలేంత దగ్గరగా కోడిజుట్టు పూలు విరగబూసి ఉన్నాయి. ముదురెరుపు జుట్లు నిక్కబొడుచుకుని, పందెం బరిలో దిగిన పుంజులన్నీ అతని మీదికే తిరిగి నిలబడ్డట్టు ఉన్నాయి. పొద్దున గేటు తోసుకుని వచ్చి వీటిని చూసినప్పుడు గంగయ్యకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఈ పూల వరస వాకిలి మధ్యలో నుంచి రెండున్నర మూరలు తన దిక్కుకు జరిగిందనే కదా ఏడేళ్ళ కిందట తమ్ముణ్ణి గడ్డపారతో కొట్టి చంపింది. ఇప్పుడు ఏకంగా గడప దాకా వచ్చి కూర్చుంది. చచ్చినవాడు లేచొచ్చి జరపడు. మరి జరిపింది వాడి పెళ్ళాం రాజకుమారే. ఏటేటా వచ్చి, పైనున్న మొక్కలు పీకి, కింద గింజలు చల్లి, నువ్వు జైల్లో ఉండు బావా, నీ గడప కూడా మాదే అని ఎగతాళి చేసి పోయింది. ఆమె తల ఎక్కడ పగులుతుందో గంగయ్యకు తెలుసు. రాయికి పొర ఉంటుంది, పొర మీద తడితే చాలు, ఎంత పలకైనా విచ్చుకుంటుంది.

మూడు రోజుల కిందట జైలు నుంచి బయటికి వచ్చి, మార్కాపురంలో పాత గని స్నేహితుడి గదిలో సంచీ పడేసి, మొట్టమొదట చేసిన పని రాజకుమారికి ఫోన్ చేయించడం. ఊళ్ళో తమ గేటుకు ఎదురుగా ఉండే రూతమ్మకు కబురు పెట్టి, ఆమె చేత చేయించాడు. వాకిలి మొత్తం ఉంచుకోమను, ఇల్లూ ఉంచుకోమను, నాకేమీ వద్దు, నా ముందర నిలబడి మా ఆయన గట్టు జరిపినాడు, తప్పు ఆయనదే అని ఒక్క మాట అనమను, అన్నాడు. పదేళ్ళ శిక్ష. బుద్ధిగా ఉన్నాడని ఏడేళ్ళకు వదిలారు. ఆ ఏడేళ్ళూ అతన్ని బుద్ధిగా ఉంచింది దేవుడూ కాదు, జైలు సారూ కాదు, ఆ ఒక్క మాటే. నేను దొంగను కొట్టినాను, తమ్ముణ్ణి కాదు. రాత్రి పడుకునే ముందు అనుకునేవాడు, తెల్లారి లేచాక అనుకునేవాడు. అది గనక అబద్ధమైతే తను ఏమవుతాడో ఆలోచించడానికి కూడా గంగయ్యకు ధైర్యం లేదు. శుక్రవారం పదకొండు గంటల బస్సుకు వస్తానని చెప్పమంది రాజకుమారి. ఇవాళ శుక్రవారం.

వాకిలి ఒకటే, ఇళ్ళు రెండు, ఎదురుబొదురుగా. ఎగువన తమ్ముడు నాగేంద్ర ఇల్లు, దిగువన గంగయ్యది. ఈ దిక్కున దేనికైనా పలకరాయే ఆధారం. దడికి పలక, మేకల కొట్టానికి పలక, స్నానానికి నాలుగు పక్కలా నిలబెట్టిన పలకలు, ఆఖరికి పాతిపెట్టిన చోట తలాపున కూడా పలకే. అందుకే పంపకాల రోజున ఇద్దరు కొడుకులూ చెరో నాలుగు రాళ్ళు భుజాన వేసుకుని వస్తే అమ్మ మణెమ్మ అడ్డం నిలబడింది. అన్నదమ్ముల నడుమ రాయి పాతితే పగ పాతినట్టే, నేను బతికుండగా పాతనియ్యను, పూలు పెడతా అంది. కొంగున మూటగట్టుకున్న కోడిజుట్టు గింజలు, ఆవాలకంటే సన్నగా, నల్లగా, నిగనిగలాడుతూ. భూమిలో పాతిన రోలు దగ్గర మొదలుపెట్టి నీళ్ళ గాబు దాకా తాడు పట్టినట్టు చల్లింది. ఇదే మీ గట్టు అంది. ఒక్కసారి చల్లింది, అంతే. కార్తీకంలో పువ్వు ఎండి గింజ రాలుతుంది, ఎండాకాలమంతా మట్టిలో చచ్చినట్టు పడి ఉంటుంది, తొలకరికి పచ్చగా లేస్తుంది, నాటేవాడు అక్కర్లేదు, నీళ్ళు పోసేవాడు అక్కర్లేదు. లేచినవన్నీ బతకనిస్తే ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి గనుక పదింటికి తొమ్మిదిటిని పీకిపారెయ్యాలి, అదొక్కటే పని. ఆ పని అమ్మ కూర్చుని కబుర్లు చెబుతూ చేసేది. పీకినప్పుడు వేళ్ళు తెగే చప్పుడు, కిసుక్కుమని. గంగయ్యకు చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడంటే ఇష్టం. కార్తీకం చివర ఇంకో పిచ్చి పని కూడా చేసేది ముసలమ్మ. చీపురు పట్టుకుని, నడుం వంచి, వాకిలిని కింది నుంచి పైకి ఊడ్చేది. ఎవరైనా పల్లానికి ఊడుస్తారు గానీ ఎత్తుకు ఊడుస్తారా అమ్మా అని అన్నదమ్ములిద్దరూ నవ్వితే, నా పని నాది, మీకెందుకు నాయనా అనేది. ఆ నవ్వు నవ్వినప్పుడు నాగేంద్ర పళ్ళు, ముందు పన్ను మీద పన్ను, ఆ పన్ను తర్వాత ఊడి మట్టిలో పడింది, పోలీసులు కాయితంలో చుట్టుకుని పోయారు.

ఎండ ఎక్కుతోంది. బస్సుకు ఇంకా అరగంట పైన ఉంది. జైల్లో అతన్ని తోటపనికి వేశారు, ఏం తమాషా చూడు, మనిషిని గడ్డపారతో చంపినవాడి చేతికి పార ఇచ్చి పూలు పెంచమన్నారు. కుండీల్లో బంతి, కుండీల్లో చామంతి, వరసగా పెట్టినవి పెట్టినట్టే ఉండేవి, ఏడేళ్ళలో ఒక్క కుండీ కూడా అంగుళం కదల్లేదు. చూశావా, పూలు కదలవు, మనిషి కదిలిస్తేనే కదులుతాయి అని ఆ కుండీలకు నీళ్ళు పోస్తూ గంగయ్య తమ్ముడితో వాదించేవాడు. తమ్ముడు చెవి పైన పగిలిన చోట చెయ్యి పెట్టుకుని అట్లాగే చూసేవాడు. అమ్మ ఉన్న మూడేళ్ళూ వరస వెంట్రుకవాసి కదల్లేదు. అమ్మ పోయిన ఏడాదే కదిలింది. అది కదా అసలు సాక్ష్యం. మొదటేడు జానెడు, మరుసటేడు ఇంకో జానెడు, సగం సగం ఉండాల్సిన రోలు మొత్తం వాడి దిక్కుకు పోయింది. టీ కొట్టు దగ్గర జనం ఊరుకుంటారా, మీ తమ్ముడు నెమ్మదస్తుడబ్బా, రాళ్ళు జరిపితే చప్పుడైతదని పూలు జరుపుతన్నాడు అని ఒకడంటే, అన్న మెత్తన గనక తమ్ముడు మొత్తుతాడు అని ఇంకొకడు. నిప్పు లేనిదే పొగ రాదని గంగయ్య నమ్మాడు. ఆ నవ్విన నోళ్ళలో రెండు ఇప్పుడు మట్టిలో ఉన్నాయి, మూడోది పక్షవాతం వచ్చి వంకర తిరిగింది, పొద్దున దారిలో చూశాడు. వాటి మీద కూడా సుత్తి పడాల్సింది, లెక్క తప్పింది.

ఆ రోజు శ్రావణం, సన్నగా తుంపర. నాగేంద్ర వరస దగ్గర గొంతుక్కూర్చుని మొక్కలు పీకుతున్నాడు. అది కూడా ఎక్కడ, గంగయ్య వైపు దిగి, వీపు ఇటు పెట్టి. నా నేలలో కూర్చుని నా గట్టు మారుస్తావా అని గంగయ్య గడ్డపార తీసుకుని వచ్చాడు. కొట్టడానికి తేలేదు, అది నిజం, బెదిరించడానికి తెచ్చాడు. నాగేంద్ర తల తిప్పి చూసి, లేవకుండానే, పిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"అవే వస్తన్నాయి అన్నా. నేనేం జెయ్యలా."

"పూలకు కాళ్ళు మొలిచినాయంట్రా?"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. నాగేంద్ర అరవలేదు, ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిచినట్టు చూశాడు, ఆ చూపే గంగయ్యకు అగ్గి మీద గుగ్గిలమైంది. రెండోది చెవి పైన. పలక విచ్చుకున్నప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది, అంతకంటే పెద్దదేమీ కాదు. క్షణికావేశంలో చేసినాడు, ఏం చేస్తున్నాడో తెలియదు అని కోర్టులో వకీలు చెప్పాడు, జడ్జిగారు నమ్మారు. కానీ రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ నడుమ గంగయ్య ఆగాడు. తుంపరకు చేతులు జారుతుంటే, గడ్డపార చంకన పెట్టుకుని, రెండు అరచేతులూ పంచెకు తుడుచుకుని, మళ్ళీ పట్టు సరిచూసుకుని కొట్టాడు. ఆ తుడుచుకున్న సంగతి వకీలుకు చెప్పలేదు, ఎవ్వరికీ చెప్పలేదు. ఎగువ గడపలో ఏడాది పిల్లను చంకనేసుకుని నిలబడిన రాజకుమారి మాత్రం చూసింది, కోర్టులో చెప్పింది కూడా, ఆడమనిషి భయంలో ఏం చూసిందోలే అని కొట్టేశారు. నాగేంద్ర పూల మీదికే ఒరిగాడు. పిడికిట్లో పీకిన మొక్కలు అట్లాగే ఉన్నాయి, పోలీసులు వచ్చి విప్పేదాకా ఆ వేళ్ళు విచ్చుకోలేదు. నెత్తురు పడ్డందుకే ఆ వాకిట్లో పూలు ఇంత ఎర్రగా పూస్తాయని ఊళ్ళో అంటారట. నెత్తురు పడకముందు కూడా ఇదే ఎరుపు. జనానికి కథ కావాలి.

రూతమ్మ నీళ్ళు తెచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, బకెట్ మోసుకుంటూ గేటు లోపలికి వచ్చి, మోకాళ్ళ మీది సుత్తిని చూసి అక్కడే ఆగిపోయింది. మెట్టు దాకా రాలేదు, బకెట్ రోలు పక్కన దించింది. గంగయ్య కూర్చున్న చోటు నుంచే అడిగాడు, ఈ ఏడేళ్ళలో రాజకుమారి ఎన్నిసార్లు వచ్చిందని. రాలేదంది. అబద్ధమాడొద్దన్నాడు. నా తలుపు ఈ గేటుకు ఎదురుగానే ఉంది, నేను పోయేది గుడికీ పింఛనుకీ తప్ప ఇంకెక్కడికీ లేదు, ఎవరొచ్చినా నా కంట పడాల్సిందే అంది. ఎగువ ఇంటి తాళం చూపించింది. కప్పకు తుప్పు పట్టి, దాని మీద కందిరీగలు మట్టిగూడు కూడా కట్టుకున్నాయి. మరి ఈ పూలు నా గడప దాకా ఎట్ల వచ్చినాయని గంగయ్య గొంతు పెంచాడు. అరిస్తే బెదిరే వయసు ఆమె దాటిపోయింది.

"ఎవురూ రాలా గంగయ్యా. వానొచ్చింది, అంతే. పోలీసోళ్ళు పోయినాక ఈ వాకిట్లోకి దిగింది వానొక్కటే."

అబద్ధం. ముసలిది ఆమెతో కలిసింది. ఇద్దరూ కలిసి చల్లారు, నవ్వుకుంటూ చల్లారు. రూతమ్మ వెళ్ళాక గంగయ్య లేచాడు. ఏడేళ్ళు బుద్ధిగా దాచుకున్నదంతా మోచేతుల్లోకి దిగింది. మొదటి పువ్వును జుట్టు పట్టుకుని పీకాడు, కిసుక్కుమంది, రెండోదాన్ని, మూడోదాన్ని, తర్వాత లెక్క లేదు. రెండు చేతులా పట్టి వేళ్ళతో సహా లాగి, వాటి తలలను మెట్టుకేసి బాదాడు, లొంగనివాటిని సుత్తితో మోదాడు, కాడలు నలిగి పసరు మొహాన చిట్లింది, కాలితో తొక్కి మడమతో నలిపాడు. రారా, లేచి రారా, నడిచి వస్తావా, ఏదీ నడువు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియదు. చేతికందినవి అందినట్టు ఎత్తి ఎగువకు విసిరికొట్టాడు, అవి రోలు మీదా రోలు చుట్టూ పడ్డాయి. మధ్యలో ఎక్కడో పెద్ద రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. వస్తోంది. వచ్చి అనకపోతే ఇదే చేత్తో, ఇదే వేడిలో. విసిరికొట్టేటప్పటికి ఆయాసం వచ్చి, సుత్తి ఈడ్చుకుంటూ రోలు దగ్గరికి పోయి కూలబడ్డాడు. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. పూల రంగే అది, అయినా చూడలేకపోయాడు. పంచెకు తుడవబోయి, చెయ్యి పంచె దాకా పోయి, ఆగిపోయింది. తుడవకూడదు. తుడిస్తే మూడో దెబ్బ వస్తుంది. బకెట్ వంచి చేతుల మీద నీళ్ళు కుమ్మరించుకున్నాడు.

నీళ్ళు చేతుల మీద నుంచి నేల మీద పడి, ఒక్క క్షణం తటపటాయించి, దిగువకు పారాయి. పీకి విసిరిన పూల తలల్లోంచి రాలిన గింజలు ఆ నీళ్ళకెక్కాయి. సన్నగా, నల్లగా, నిగనిగలాడుతూ, వందలు వందలు, ఎవరూ తొయ్యకుండా, ఎవరూ పట్టుకోకుండా పోతున్నాయి. నీళ్ళు ఇంకిన చోటల్లా ఆగిపోతున్నాయి, జానెడు దూరంలో కొన్ని, మూరెడు దూరంలో కొన్ని. చాలా నీళ్ళు, పల్లం దారి పట్టినవి, మెట్టు దాకా పోయి, మెట్టుకు తగిలి నిలిచిపోయాయి. నీళ్ళు మట్టిలోకి దిగాక మెట్టు పొడవునా నల్లటి గీత మిగిలింది. తాడు పట్టి చల్లినట్టుంది. గంగయ్య ఆ గీతను చూశాడు. మళ్ళీ రోలును చూశాడు. అమ్మ పోయి పన్నెండేళ్ళు. వానాకాలానికి జానెడు. పన్నెండు జానలంటే ఆరు మూరలు. రోలు నుంచి మెట్టు దాకా ఆరే మూరలు, ఈ వాకిలి అతను చిన్నప్పుడు కాళ్ళతో కొలిచి ఆడుకున్న వాకిలి. నడుం వంచి కింది నుంచి పైకి ఊడ్చే అమ్మ. మట్టిని కాదు ఊడ్చింది. జారిపోయిన గింజలను ఏటేటా మళ్ళీ గట్టు మీదికి చేర్చింది, మూడేళ్ళు, ఒక్క మాట చెప్పకుండా. చెబితే ఏం పోయేది ముసలిదానా, ఒక్క మాట చెబితే ఏం పోయేది. అప్పుడు తమ్ముడి వీపు కనిపించింది. ఇటు వీపు పెట్టి, తన వైపు దిగి కూర్చున్నాడు. తన వైపు దిగి కూర్చున్నవాడి చేతికి అందేవి తన వైపు మొక్కలే. పిడికిట్లో బిగిసిపోయినవి అవే. అన్న నేలలోకి జారినవాటిని పీకి, గట్టును వెనక్కి నెడుతున్నాడు వాడు. గోటితో పోయే పనిని గోటితోనే చేసుకుంటున్నవాడి మీదికి తను గడ్డపార తెచ్చాడు.

గేటు కిర్రుమంది. రాజకుమారి వచ్చి, గేటు దగ్గరే చెప్పులు విడిచి, వాకిట్లోకి నాలుగడుగులు వేసి నిలబడింది. ముప్పై అయిదేళ్ళకే పాపిట దగ్గర జుట్టు తెల్లబడింది. చేతిలో సంచీ, సంచీ మీద ఎగువ ఇంటి తాళంచెవి. చుట్టూ చితికిపోయిన పూలనూ, బావ పక్కన పడి ఉన్న సుత్తినీ చూసింది. భయపడింది, పెదవులు తెల్లబడ్డాయి, అయినా వెనక్కి అడుగు వెయ్యలేదు. బస్సులో దారి పొడుగునా వల్లెవేసుకున్నట్టుంది, తడుముకోకుండా చెప్పింది.

"నువ్వడిగిన మాట అంటా బావా. మా ఆయన గట్టు జరిపినాడు. తప్పు ఆయనదే. సాలా?" ఊపిరి తీసుకుంది. "ఇంట్లో ఆయన ఫొటో ఉండిపోయింది. పిల్లకు వాళ్ళ నాయన మొగం గుర్తు లేదంట. అది దీసుకుని పోతా."

ఏడేళ్ళు కోరుకున్న మాట, అక్షరం పొల్లుపోకుండా, ఎండ పడుతున్న వాకిట్లో తన ముందర నిలబడి అన్నది. తీసుకుంటే తనది. సరేనని తల ఊపితే చాలు, ఆమె ఫొటో తీసుకుని పదకొండున్నరకు తిరిగి పోయే బస్సెక్కుతుంది, మెట్టు దగ్గర నల్లటి గీతను ఇంకెవరూ చూడరు, తొలకరికి మళ్ళీ మొలిస్తే పీకి పారెయ్యొచ్చు. అబద్ధాన్ని ముద్దలాగా నోటి దగ్గర పెట్టింది, మింగడమే మిగిలింది. గంగయ్య నోరు తెరిచాడు.

"జరపలా. అవే వచ్చినాయి."

రాజకుమారి ఆశ్చర్యపోలేదు. అతన్ని అట్లాగే చూసింది, కళ్ళలో నీళ్ళు గానీ కోపం గానీ ఏమీ లేవు.

"ఆ మాట ఆయన సెప్పినాడు గదా బావా."

అతన్ని దాటుకుని ఎగువ గడపకు పోయింది. తాళంచెవి కప్పలో పెట్టి తిప్పుతున్న చప్పుడు, మళ్ళీ తిప్పుతున్న చప్పుడు, తుప్పు, తిరగలేదు. కాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత ఆమె కాళ్ళు వెనక్కి వచ్చాయి, ఆ కాళ్ళు గంగయ్య పక్కన ఆగాయి, ఎడమ కాలి వేలి మీద తీసేసిన మట్టె ఒరిపిడి గుర్తు ఇంకా ఉంది. ఆమె వంగింది. నేల మీద సుత్తి లేచిపోవడం అతను చూశాడు. పుచ్చిన పిడి, జాగ్రత్త అనబోయాడు, అనలేదు. తల వంచాడు. మెడ మీద ఎండ చురుక్కుమంటోంది. ఎక్కడ తడితే విచ్చుకుంటుందో గనిలో పనిచేసినవాడికి తెలుసు, ఆమెకు తెలియకపోయినా పర్వాలేదు, కదలకుండా ఉంటే తగులుతుంది, కదలకుండా ఉంటాడు. కళ్ళ ముందు తడిమట్టిలో గింజలు. రెండు చేతులూ మోకాళ్ళ మీద, అరచేతులు పైకి పెట్టుకుని, తుడుచుకోకుండా, ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు.

మొదటి దెబ్బ ఇనుము మీద పడింది. రెండోది కూడా. మూడోదానికి కందిరీగలు లేచిన చప్పుడు వినిపించింది. నాలుగో దెబ్బకు తాళం ఊడి గడప మీద పడింది. తలుపు తెరుచుకుంది, ఆమె లోపలికి పోయింది, గంగయ్య మాత్రం తల ఎత్తలేదు.